కచేరీలో చెప్పవలసిన మాట



ఈ మాసము నాకు వచ్చిన జాబులలో నొకటి తక్కినవానికంటె బరువైనది. వ్రాసినవారు హైదరాబాదులో కాపురముండు గృహిణి. పేరును పేటయు ప్రకటింపవలదని కోరిరి గావున, గుర్తుపట్టుటకు వీలగు సంగతులన్నియు విడిచి సారము మాత్రము చెప్పుచున్నాను. ఆమె మరిదికి ఇరువదియెనిమిదేండ్లు. ఒక ప్రైవేటు కంపెనీలో లెక్కల శాఖయందు ఐదేండ్లనుండి పని. పుట్టుకతో అందరును మగబిడ్డ యని పిలిచినను, తాను ఎన్నడును స్త్రీనే యని గడచిన శ్రావణమాసమున ఇంటిలో చెప్పెనట. అత్తగారు మూడుదినములు అన్నము ముట్టలేదు, నాలవనాడు ముట్టిరి. ఇప్పుడు ఇంటిలో చీర కట్టుకొని తిరుగుటకు అందరికిని కొంత అలవాటైనది. అయితే సంక్రాంతి సెలవులు కాగానే పై అధికారికిని, తోడి ఉద్యోగులకును సంగతి చెప్పి, చీరతోనే కచేరీకి పోవుటకు నిశ్చయించుకొన్నారట. ఉద్యోగము పోవునేమో యని ఇంటిల్లిపాదికిని భయము. పైగా పెండ్లికెదిగిన ఆడపడుచు ఇంటనున్నది. ఆ పెండ్లి కుదురువరకైనను ఆగుమని నచ్చజెప్పుట ఎట్లు? ఇదియే ప్రశ్న.

జాబులో ఒక పంక్తియందు 'అతడు' అనియు, మరుసటి పంక్తియందే 'ఆమె' అనియు ఉన్నది. వ్రాసినవారి మనస్సులోని తడబాటే అది, తప్పుపట్టుటలేదు. నేను మాత్రము 'ఆమె' యనియే వ్రాసెదను. ఎవరినిగూర్చి మాటలాడుచున్నామో వారు కోరిన మాటను వాడుట మర్యాద గదా. ఇట్టివారికి మన నిఘంటువులలో నున్న పాతమాటలు పెక్కు వీథిలో తిట్లుగా మారిపోయినవి. కావున పత్రికలలో వాడుకయైన ట్రాన్స్‌జెండర్ అను పరభాషాపదమే నాకు మేలుగా దోచుచున్నది.

సోదరీ, ఆగుమని నచ్చజెప్పు ఉపాయము నేను చెప్పను. ఆ మాట ఎప్పుడు చెప్పవలెనో నిర్ణయించు అధికారము చెప్పవలసినవారిది. అయినను మీ భయము ఉత్త భయముగాదు. అది ఎంతవరకు నిజమో, దానికి ఏమి సిద్ధపాటు కావలెనో, అందు ఇంటిలోని స్త్రీల పాలు ఎంతయో చెప్పుటకు ప్రయత్నించెదను.

విరాటపర్వము మనలో చదువనివారు, విననివారు అరుదు. అర్జునుడు బృహన్నలయై విరాటుని కొలువునకు పోయి ఉద్యోగ మడిగెను. ఈ విగ్రహము వింటికి తగినదిగాని నాట్యమునకా యని రాజు సందేహించి, తుదకు ఉత్తరకు ఆటపాటలు నేర్పుటకు నియమించెను. ఈ కథను తెచ్చి, మన పురాణములలోనే యున్నదిగదా యని ట్రాన్స్‌జెండరులనుగూర్చి మాటలాడువారు కలరు. ఆ పోలిక నాకు సరిపడదు. అర్జునునికి బృహన్నల వేషము. ఏడాది గడువగానే విడిచిపెట్టినాడు. మీ మరిదిగారను మాట వినుచు, పంట్లాము తొడిగికొని కచేరీకి పోవుచున్న ఆ బిడ్డకు ఆ పంట్లామే వేషము. ఇన్నేండ్లును జరిగినది అజ్ఞాతవాసము. ఇప్పుడు చెప్పదలచినది దాని ముగింపు. అట్లు తిరుగవేసి చూచినచో కథ బాగుగ అక్కరకు వచ్చును.

అజ్ఞాతవాసమునకు వెల యున్నది. ధర్మజునివంటివాడు, కొలువులో బృహన్నల ప్రతాపమును పొగడినందుకు రాజు విసరిన పాచికచేత దెబ్బ తిని, ముక్కున నెత్తురు కార్చుకొనవలసివచ్చెను. తా మెవరో చెప్పుకొనలేనివారు తమవారి పక్షమున ఒక్కమాట యనుటకును వెఱవవలసినదే. తోడివారు ఆదివారము ముచ్చటలు చెప్పుకొనుచుండగా తమ ముచ్చట మ్రింగుకొనవలెను. చరవాణిలోని బొమ్మను ఎవరు చూతురో యని బోర్లించి పెట్టుకొనవలెను. ఊరకుండుట ఖర్చులేని పని యని ఇంటివారు తలచుచుందురు. ఆ ఖర్చు వేరొకరి ఖాతాలో వ్రాయబడుచుండును గావున మనకు కానరాదు.

అమెరికాలో లిన్ కాన్వే యను ఇంజనీరు కథ ఇందుకు నిదర్శనము. ఆమె 1938లో పుట్టినది. 1964లో ఐ.బి.ఎం. కంపెనీలో చేరి, కంప్యూటరు తనకిచ్చిన ఆజ్ఞలను వరుస మార్చుకొని త్వరగా నెరవేర్చుటకు ఒక ఉపాయమును కనిపెట్టినది. తాను స్త్రీగా జీవింప నిశ్చయించుకొన్న సంగతి తెలియగా, 1968లో కంపెనీ ఆమెను తొలగించెను. అప్పటికి ఇద్దరు కూతుండ్రు. వారితో రాకపోకలును తెగిపోయినవి. క్రొత్తపేరుతో, వెనుకటి పనిని నాదని చెప్పుకొనుటకు వీలులేక, మరల అడుగుమెట్టునుండి ఎక్కవలసివచ్చెను. 1973లో జిరాక్సు కంపెనీవారి పరిశోధనాలయమున చేరినది. 1980లో కార్వర్ మీడ్ అను ఆచార్యునితో కలిసి వ్రాసిన గ్రంథము, గోటియంత సిలికాను బిళ్లపై అసంఖ్యాకములైన విద్యుద్వలయములను కూర్చువిధమును ఒక తరము విద్యార్థులకు నేర్పినది. మీ చేతిలోని చరవాణి పనిచేయుటలో ఆ విద్యకు పాలున్నది. ఇంతటి మనిషియు తన పూర్వకథను లోకమునకు 1999 ప్రాంతము వరకు చెప్పలేదు. పాండవులకు ఒక్క సంవత్సరము. ఆమెకు 30 సంవత్సరములు. ఐ.బి.ఎం. వారు 2020లో క్షమాపణ చెప్పిరి. తొలగించి అప్పటికి 52 ఏండ్లు. ఆమె 2024 జూన్ మాసమున గతించినది.

ఆ దేశముననే ఐమీ స్టీఫెన్స్ యను ఆమెకు, మీ ఇంటిలో ఇప్పుడు వచ్చినట్టి ఘట్టమే వచ్చినది. మిషిగన్ రాష్ట్రమున మృతదేహములను బంధువులు కడసారి చూచుటకు వీలుగ సిద్ధపరచి, అంత్యక్రియలు నడిపించు ఒక సంస్థలో ఆమె దాదాపు ఆరేండ్లు పనిచేసినది. లోపలి వ్యథకు తాళలేక ఒకప్పుడు ప్రాణత్యాగమునకును తలపెట్టి మరలిన మనిషి. 2013 జూలైలో యజమానికి ఒక జాబు అందించెను. తోడి ఉద్యోగులను మిత్రులుగా సంబోధించి వ్రాసిన జాబు అది. సెలవునుండి తిరిగివచ్చినపుడు స్త్రీగా, ఉద్యోగమునకు తగిన దుస్తులతో వత్తునని అందు తెలిపెను. రెండువారములకు యజమాని ఆమెను పనినుండి తీసివేసెను. ఆమె ఫిర్యాదు చేసినది. అది ఏడేండ్లు నడచినది. 2020 జూన్ 15వ తేదీని ఆ దేశపు సుప్రీంకోర్టు, ట్రాన్స్‌జెండర్ అను కారణమున ఉద్యోగమునుండి తొలగించుట చట్టవిరుద్ధమని తీర్పు చెప్పెను. అది వినుటకు ఐమీ లేదు. మే 12వ తేదీననే కన్నుమూసినది. తోడుగా కడవరకు నిలిచినది భార్య డానా. ఆ పేరు తలచినపుడెల్ల నాకు తోచునది, వ్యాజ్యము కాగితము మీద ఒక్కరిదైనను, ఏడేండ్లు ఆ ఇంటి పొయ్యి ఆరకుండ చూచుకొన్నవారిది కూడ ననియే.

ఇవి దూరదేశపు మాట లందురేమో. మీ హైదరాబాదుకే వత్తము. ఆదిలాబాదులో వైద్యవిద్య ముగించిన ప్రాచీ రాథోడ్, నగరములో ఒక ఆసుపత్రియందు పనిచేయుచుండగా, ఆమె ట్రాన్స్‌జెండర్ అని తెలిసిన పిమ్మట, రోగులు రాక తగ్గుదురని చెప్పి వెళ్లిపొమ్మనిరి. రూత్ జాన్ పాల్ అను వైద్యురాలికి పెక్కు ఆసుపత్రులు పనియే ఈయలేదు. ఈ ఇరువురిని 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో వైద్యాధికారులుగా నియమించిరి. వైద్యము కావలసి వచ్చినవాడు నాడి పట్టిన చేతి నేర్పును చూచునుగాని, ఆ చేయి పుట్టినప్పుడు ఏ పేరు పెట్టిరని అడుగడు. ప్రైవేటు ఆసుపత్రివారు రోగుల పేరుతో చెప్పినది తమ భయమే యని నా యూహ.

మరియొక సంగతి. స్త్రీగా నమోదై, 2013లో కేంద్రప్రభుత్వ కస్టమ్సు, పరోక్షపన్నుల శాఖలో చేరిన ఒక అధికారి, హైదరాబాదులో జాయింటు కమీషనరుగా నుండగా తన పేరు అనుకతిర్ సూర్య యనియు, తాను పురుషుడననియు నమోదు చేయుమని అర్జీ పెట్టుకొనెను. 2024 జూలై 9వ తేదీని కేంద్ర ఆర్థికమంత్రిత్వశాఖ ఉత్తరువు వెలువడినది: ఇకమీదట ప్రభుత్వపు రికార్డులన్నిటను ఆయన ఆ పేరుననే గుర్తింపబడును. ఒక అర్జీ, ఒక ఉత్తరువు. పన్ను వసూలు ఆగలేదు. కచేరీ కప్పు కూలలేదు. పని జరుగవలెనని పైవారు తలచినచో ఎంత నిరాడంబరముగ జరుగునో చూడుడు.

ఇక చట్టము మాట. 2014 ఏప్రిల్ 15వ తేదీని మన సుప్రీంకోర్టు, తాను స్త్రీయో పురుషుడో తృతీయవ్యక్తియో చెప్పుకొను హక్కు వ్యక్తిదేయని తీర్పిచ్చెను. 2019లో పార్లమెంటు చేసిన చట్టము, ఉద్యోగములో చేర్చుకొనుటయందుగాని, పై పదవి నిచ్చుటయందుగాని ట్రాన్స్‌జెండరులకు వివక్ష చూపరాదని నిషేధించి, ప్రతి సంస్థయందును ఫిర్యాదులు వినుటకు ఒక అధికారి నుంచవలెనని విధించెను. శాసనములు సవరింపబడుచుండును గావున నేటి పాఠమును ఒక వకీలుచేత చదివించుకొనుడు. చట్టము పుస్తకములో నుండుట వేరు, సభలో నుండుట వేరు. కీచకుడు వెంటబడి తన్నగా సైరంధ్రి పరుగున వచ్చి నిండుకొలువులో మొరపెట్టుకొనినప్పుడు, రాజు సింహాసనముమీదనే యున్నాడు, ఏమి చేసినాడు? అధికారి పేరు తెలిసికొనుడు. ఆ మనిషి వినువాడో కాడో కూడ ముందుగనే తెలిసికొనుడు.

జేన్ కౌశిక్ అను ఉపాధ్యాయినికి ఉత్తరప్రదేశములో ఒక పాఠశాలయందు ఉద్యోగము పోయినది. గుజరాతులో మరియొక పాఠశాల నియామకపత్ర మిచ్చి, సంగతి తెలిసిన పిదప వెనుకకు తీసికొనెను. ఆమె నేరుగ సుప్రీంకోర్టునకు పోయినది. 2025 అక్టోబరు 17వ తేదీని న్యాయస్థానము ఆమెకు పరిహార మిప్పించి, ఉద్యోగములలో సమానావకాశముల విధానమును సిద్ధపరచుటకు ఒక సంఘమును నియమించినది. బడిపంతులు భార్యను గావున ఈ వార్త చదివినప్పుడు నాకు కలిగిన బాధ వేరు. పిల్లలు చెడిపోవుదురని పెద్దలు భయపడుదురు. పిల్లలు ఎరిగినది తమకు పాఠము చెప్పువారు దయగలవారా, కారా యనుటయే. క్రొత్తపంతులమ్మ కట్టుబొట్టును రెండుదినములు చూచి, మూడవనాటికి లెక్క తప్పునేమో యను భయములో పడుదురు.

ఇంతవరకు విన్నచో, ఉద్యోగము పోవుటయు కలదు, నిలుచుటయు కలదని తేలినదిగదా. కావున సిద్ధపాటు కావలెను. మొదటిది ధనము. ఆరునెలల ఇంటిఖర్చు విడిగా నుంచుకొన్న పిమ్మట చెప్పుట మేలు. ఇది గృహిణులకు తెలిసినంతగా మగవారికి తెలియదు. రెండవది కాగితములు. ఇన్నేండ్లలో పనిని మెచ్చి ఇచ్చిన పత్రములు, జీతము పెంచిన ఉత్తరువులు, అన్నిటికిని నకళ్లు ఇంటియందుండవలెను. రేపు పని బాగుగలేదను నెపము పెట్టినచో అవియే సాక్ష్యము. మూడవది వరుస. ఒక్కసారి నలుగురి యెదుట చెప్పక, మొదట సిబ్బంది వ్యవహారములు చూచు అధికారికి, పిదప తన పై అధికారికి, ఆపైని తోడివారికి చెప్పుట మంచిదని అనుభవజ్ఞు లందురు. నోట చెప్పినను, అదే దినమున వ్రాసియు ఈయవలెను. ఆ వ్రాత చిన్నదిగ నుండవలెను. నా పేరు ఇది. ఫలానా తేదీనుండి ఇట్లు పిలువుడు. నా పని నాదే, అది మారదు. ఇంతకు మించిన వివరణ ఎవరికిని బాకీలేదు. వైద్యమునుగూర్చి, శరీరమునుగూర్చి అడుగువారుందురు. మన కడుపులు పండకున్నప్పుడు పేరంటములో అడుగువారికి మన మేమి బదులిచ్చెదమో అదే బదులు వారికిని చాలును.

పేరు మార్పు మాత్రము ఓపికతో కూడిన పని. గెజిటులో ప్రకటన, ఆధారుకార్డు, పాన్ కార్డు, బ్యాంకుఖాతా, భవిష్యనిధి అన్నిటను ఒకే అక్షరములు ఉండవలెను. లేనిచో జీతము ఒక పేరున, ఖాతా మరియొక పేరున నిలిచిపోవును. మరుగుదొడ్డి మాటయు ముందుగనే అడిగి స్థిరపరచుకొనవలెను. అది చెప్పుకొనుటకు సిగ్గుపడి, ఉదయమునుండి సాయంకాలమువరకు మంచినీళ్లు త్రాగక కూర్చుండువారున్నారని వినుట కష్టముగ నున్నది. దొడ్డి సౌకర్యము లేని బడులలో చదివిన ఆడుబిడ్డల తల్లులకు ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదు.

భాషవిషయమున తెలుగువారికి ఒక అదృష్టము కలదు. ఇంగ్లీషులో మాట మాటకును 'హి' యో 'షి' యో యనక తప్పదు. మన భాషలో 'వారు వచ్చిరి', 'వారు చెప్పిరి', 'గారు' అన్నచో ఆడ, మగ భేదమే యుండదు. నాలుక తిరుగని తోడి ఉద్యోగులు అలవాటగువరకు ఈ బహువచనమును ఆశ్రయింపవచ్చును. సార్ అనుటకు మారు మేడమ్ అనుట వారు నేర్చుకొనవలెను. అంతియే.

అది నేర్చుకొనుట అసాధ్యమనువారికి నా బదులొకటి కలదు. మనలో నెందరికో పెండ్లిపీటలమీద ఇంటిపేరు మారినది. అత్తవారింట ఆ పేరుగల పెద్దలున్నారని కొందరికి పుట్టింటిపేరే తీసివేసి క్రొత్తపేరు పెట్టినారు. మా మేనత్తకు అట్లే జరిగినది. వారములో అత్తవారింటివారందరును, నెలలో చాకలి, పాలవాడు, కరణము సహా ఆ పేరుతోనే పిలిచిరి. ఎవరికిని నాలుక తడబడలేదు. మన మడుగకయే మన పేరు మార్చినప్పుడు ఇంత సులువుగ నేర్చుకొన్న లోకము, ఒకరు కోరి మార్చుకొన్నప్పుడు నాకు చేతగాదనుట ఎట్లు నమ్ముదును?

ఇక ఇంటివారి పాలు. ఆమె చెప్పకముందు మీరెవ్వరికిని చెప్పకుడు. ఆ కచేరీలో పనిచేయువారి భార్య మీకు స్నేహితురాలైనను చెప్పకుడు. అది మీ మాటగాదు. ఈ పుట చదువు తక్కిన సోదరీమణులకును ఒక మాట. మీ భర్తయో కొడుకో రాత్రి భోజనమునకు కూర్చుండి, మా కచేరీలో ఒక వింత జరిగినదని నవ్వుచు మొదలుపెట్టు దినము రావచ్చును. వడ్డించుచున్న మీరు నవ్వితిరా, మరునాడు కచేరీలో ఆ నవ్వు పదింతలగును. నవ్వక, ఆమె పని ఎట్లు చేయును, మధ్యాహ్నము ఎవరితో కూర్చుండి భోజనము చేయునని అడిగితిరా, మరునాడు అతడు ఆ బల్లవైపు ఒకసారి చూచును. అద్దెయిండ్ల సంగతియు అంతే. 2017లో కొచ్చి మెట్రోరైలువారు ఇరువదిమందికి పైగా ట్రాన్స్‌జెండరులకు ఉద్యోగములిచ్చిరి. దేశమంతయు మెచ్చుకొన్నది. కొలదిదినములకే కొందరు పని మానుకొనిరి; కారణము, ఆ జీతమునకు అందుబాటులో బస ఇచ్చువారు లేరు. యజమాని తలుపు తెరచెను, ఇంటిగలవారు మూసిరి. గది చూపునప్పుడు తాళపుచెవి సాధారణముగ ఎవరి కొంగున నుండునో మనకు తెలిసినదే.

కడపట, పెండ్లిమాట. ఆడపడుచు పెండ్లి కుదురువరకు దాచుమని మీ ప్రశ్న. సోదరీ, ఆ పెండ్లికూతురిని ఎవరైనను అడిగిరా? జాబులో ఆమె అభిప్రాయము ఒక్క పంక్తియు లేదు. పెండ్లిచూపులలో దాచిన సంగతి పసుపుబట్టలు మాయకముందే బయటపడును. అప్పుడు మాట పడవలసినది ఆ పిల్ల. ముందుగ తెలిసి వచ్చువారు ఇద్దరే కావచ్చును, ఆలస్యము కావచ్చును. కట్నములు చూచుకొని, జాతకములు చూచుకొని, ఆరుగురిని వెనుకకు పంపిన ఇండ్లను ఎరుగుదును. ఇంటిలోని ఒకరిని దాచవలెనన్న సంబంధము ఏడవదని వెనుకకు పంపినచో నష్టమేమియు లేదు. ఆ పిల్లకు తోడబుట్టినది మరియొక అక్క అయినది. ఇద్దరును ఒకచోట కూర్చుండి మాటలాడుకొననిండు. సంక్రాంతికి ఇంక రెండునెలల గడువున్నది.

ఒక చిన్న సందేహమును జాబు చివర కలము వేరుచేసి వ్రాసిరి. పిల్లలు ఇంతవరకు బాబాయి యని పిలిచినవారిని ఇకమీదట నేమని పిలువవలెను? తండ్రికి తోబుట్టువైన స్త్రీ పిల్లలకు మేనత్త. మీకు ఆడబిడ్డ. వరుస మారినది గావున వచ్చు పండుగకు ఆడబిడ్డకు పెట్టవలసిన చీర మీరు పెట్టవలసియుండును. కచేరీకి కట్టుకొనిపోవుటకు వీలగునట్లు, జరీ లేని నేతచీర చూడుడు.

వచ్చు మాసమున, కోడలి జీతము ఎవరిచేతికి రావలెనని అడిగిన రాజమహేంద్రవరపు సోదరి జాబునకు బదులు వ్రాసెదను.